షడ్రసరాజు విస్తరి

నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్న వేళ మొగిలి స్ఫటికపురి కోటగుమ్మం దాటింది. కావలివాళ్ళ కళ్ళకు మాత్రం ఆమె మొగిలి కాదు. తెల్లటి తలపాగా, చెవులకు బంగారు పోగులు, తేనెమైనంతో అతికించిన కోరమీసం గల ద్వీపాంతర వర్తకుడు ధనగుప్తుడు. నడివేసవిలో మైనం మీద భరోసా పెట్టుకోవడం తెలివితక్కువ పని అని ఆమెకు సగం దారిలోనే తెలిసింది. కాని రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం ఎందుకని నడిచి వచ్చేసింది.

ఆమె నడుముకు కట్టిన సంచిలో అరచేతి వెడల్పున గుండ్రటి పేకముక్క ఒకటి ఉంది. నిగనిగలాడే లక్కపూత, అంచు చుట్టూ పచ్చటి లత, మధ్యలో విల్లు పట్టుకున్న యువకుడు. ఆ యువకుడు కనురెప్పలు ఆర్పుతాడు. విసుగు పుడితే మాట్లాడతాడు కూడా. అతను ఆమె అన్న ఓబన్న.

కొండసీమలో పేకాటలో ఓబన్నను మించినవాడు లేడు. ఆ గర్వంతోనే నెల కిందట ఈ నగరానికి వచ్చి, మాంత్రికుడు ఉలూకదత్తుడికి ఎదురు కూర్చుని ఓడాడు. ఇక్కడ ఓడినవాడు ఇంటికి పోడు, పేకముక్కలోకి పోతాడు. ఆ ముక్క చేతులు మారి మారి మొసళ్ళరేవు దొంగల దగ్గరికి చేరితే, మొగిలి వాళ్ళ పడవకు నిప్పంటించి మరీ గుంజుకుంది. ఇప్పుడు ఓబన్న మళ్ళీ మనిషి కావడానికి ఒకటే దారి. కోట నడుమ ఉన్న దర్పణమండపంలో ఆ ముక్కను దించాలి. ఆట ముగిసేదాకా అది పడిపోకుండా నిలబడాలి. పడితే ఓబన్న ఇక ఎప్పటికీ తిరిగి రాడు, మొగిలి కూడా బొమ్మైపోతుంది.

"ఒసేయ్, నీకు పేక కలపడం కూడా రాదు. వెనక్కి పోదాం పద" అన్నాడు ఓబన్న సంచిలోంచి.

"నువ్వు కలిపి ఏం ఊడబొడిచావు? నోరు మూసుకో, ఎవరైనా వింటారు" అంది మొగిలి మీసం కిందుగా.

స్ఫటికపురి అందం చెప్పాలంటే ఆదిశేషుడి నాలుకలు కూడా చాలవు. మేడల గోడలకు ముత్యపుచిప్పల సున్నం, వీధుల్లో నీలపురాళ్ళ తాపడం, కిటికీకొక పంచవన్నెల చిలక, మలుపుకొక పన్నీటి చలువపందిరి. అయితే ఆ అందాన్ని చూసే నాథుడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు. జనమంతా తలలు వంచుకుని మోదుగాకు పొట్లాలు విప్పుకుంటున్నారు. ఆ రోజే కొత్త కట్ట విడుదలైంది మరి. పొట్లంలో ఏ ముక్కలుంటాయో విప్పేదాకా అమ్మినవాడికీ తెలియదు. బంగారు అంచు ముక్క దొరికినవాడు గెంతులేస్తున్నాడు. పాత కుందేలే మళ్ళీ వచ్చినవాడు పొట్లం అమ్మినవాడి వంశాన్ని తిడుతున్నాడు. పెళ్ళిపీటల మీంచి లేచి వచ్చిన పెళ్ళికొడుకొకడు బాసికంతోనే పొట్లాలు విప్పుతుంటే, పురోహితుడు పక్కన నిలబడి, "ఆ చివరిది విప్పు నాయనా, ముహూర్తం దానికుంది" అంటున్నాడు. వెర్రి వేయి విధాలంటారు గానీ, ఈ ఊరికి ఒక్క విధమే సరిపోయింది.

మొగిలి ఒక పొట్లం కొని విప్పుతుండగా డప్పు మోగింది. దండోరా వేసే ముసలి పోతులయ్య రాతిగద్దె ఎక్కాడు.

"వినండహో! కొత్త కట్టలో కొత్త వింతలు. మొదటిది నోము. నోము పట్టిన ముక్క ఎవరినీ కొట్టదు, దాన్నీ ఎవరూ కొట్టకూడదు. ఊరికే నిలబడినంతసేపూ దాని బలం పెరుగుతుంది. రెండోది పూనకం. శక్తి ముక్కను దేని మీద కప్పితే దానికి పూనకం వస్తుంది, పదింతల బలం పుడుతుంది. దిగాక మాత్రం సొమ్మసిల్లి పడుతుంది. ఇక మూడోది పాత వింతే, భోజనం." ముసలివాడి గొంతు తగ్గింది. "అది ఒక్క షడ్రసరాజుకే ఉంది. ఆయన కొట్టడు, తింటాడు. నోము పట్టినదాన్నయినా, సొమ్మసిల్లినదాన్నయినా తింటాడు. తిన్నదాని బలమంతా ఆయనదే. ఆ ముక్క ఉలూకదత్త స్వాముల చేతిలో తప్ప ఎక్కడా లేదు. దండోరాలో చెప్పింది చెల్లుతుంది, చెప్పంది ఎవరినీ ఆపదు. ఇదే ఆట ధర్మం."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ షడ్రసరాజు ఎవరో అక్కడ తెలియనివాడు లేడు. నిరుటిదాకా ఈ నగరాన్ని ఏలిన అమరకేసరి మహారాజే ఆయన. ఉలూకదత్తుడు ఆయన్ను కొలువులోనే మాయ చేసి, సజీవంగా బొమ్మలోకి దించాడు. అమరకేసరికి రాజ్యం చేసినంతకాలం యుద్ధాల కంటే మడికే ఎక్కువ పేరు. ఒకసారి ఒకే ఒక బూరెను కాకి పొడిచిందని విందు మొత్తం వెనక్కి పంపేశాడట. పాపం, వచ్చిన సామంతులంతా మంచినీళ్ళు తాగి పడుకున్నారు.

"ఆ రాజు ముక్క దిగితే నేనేమవుతానో తెలుసా?" అన్నాడు ఓబన్న.

"తెలుసు. నీ ముక్క చివరిదాకా దించను" అంది మొగిలి. పొట్లంలోంచి ఆమెకు వచ్చినవి నోముల అవ్వ, చెరుకుగడ నములుతున్న పట్టపుటేనుగు, ఒక శక్తి ముక్క. అంతే. ఆమె నేరుగా మండపంలోకి నడిచింది.

దర్పణమండపానికి కప్పు లేదు. నేలంతా ఒకటే అద్దం. ఎండ పడితే గాని ఆ అద్దంలోంచి బొమ్మలు లేవవు, కాబట్టి ఆటలన్నీ పట్టపగలే. కోటగోడ నీడ అద్దం అంచును తాకగానే జరుగుతున్న ఆట ముగుస్తుంది. అద్దానికి ఆవలి ఒడ్డున పులితోలు మీద కూర్చున్నాడు ఉలూకదత్తుడు. గుడ్లగూబ ఈకల కిరీటం, పసుపుపచ్చని గుండ్రటి కళ్ళు, మోకాళ్ళదాకా వేలాడే చేతులు, చెక్కపావుకోళ్ళు. ఆయన నవ్వితే పళ్ళు కనిపించవు. చుట్టూ మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళ నడుమ ఒక గద్దె మీద డప్పు పట్టుకుని పోతులయ్య కూర్చున్నాడు.

"ద్వీపాల నుంచి ఇంత దూరం వచ్చావా, శెట్టీ? బొమ్మగా మారితే బాగానే ఉంటావు. ఆ మీసం గీయడం నాకు సరదా" అన్నాడు ఉలూకదత్తుడు.

"ముందు ముక్క దించండి స్వామీ. కబుర్లు తర్వాత" అంది మొగిలి గొంతు బొంగురు చేసి.

ఉలూకదత్తుడు ముక్క విసిరాడు. అద్దం అలలెత్తింది. అందులోంచి చారల పులి ఒకటి ఒళ్ళు విరుచుకుంటూ లేచి, మెట్ల మీది జనం గుండెలు జారిపోయేలా గర్జించింది. మొగిలి తన ముక్క వేసింది. ముడుతల మొహం, చేతిలో అక్షింతల పళ్ళెంతో నోముల అవ్వ లేచి, పులి వైపు చూడనైనా చూడకుండా కూర్చుని కళ్ళు మూసుకుంది. పులి దగ్గరికొచ్చి వాసన చూసింది. నోము పట్టిన ముక్కను తాకలేక చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. అవ్వ తల చుట్టూ సన్నటి వెలుగు ముసరడం మొదలుపెట్టింది.

వెంటనే ఉలూకదత్తుడు కొండచిలువను వదిలాడు. అది తాడిచెట్టంత లేచి మొగిలి వైపు తల ఊపింది. మొగిలి ఏనుగును వేసి, దాని మీద శక్తి ముక్క కప్పింది. అంతవరకూ తాపీగా చెరుకు నములుతున్న ఏనుగు ఒక్కసారి వణికిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి, చెవులు చేటల్లా కొట్టుకున్నాయి, మెడలో గంటలు గణగణమన్నాయి. ఊగుతూ, తొండం తిప్పుతూ వచ్చి కొండచిలువను తోక పట్టి ఎత్తింది, అదే చిలువతో పులిని బాదింది. రెండూ రంగుల పొడి అయి గాలికి ఎగిరిపోయాయి. ఇంకా పూనకం దిగక అద్దమంతా తొక్కుతుంటే మండపం స్తంభాలు కిర్రుమన్నాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఉలూకదత్తుడి ఎదుట జనం చప్పట్లు కొట్టి ఎన్నాళ్ళయిందో.

"పరవాలేదే. ఇది నేను నేర్పానా నీకు?" అన్నాడు ఓబన్న ఆమె గుప్పిట్లోంచి.

"నువ్వు నేర్పింది మర్చిపోయి ఆడుతున్నా."

ఉలూకదత్తుడు మాత్రం తొణకలేదు. చివరి ముక్కను కళ్ళకద్దుకుని, చాలా నెమ్మదిగా అద్దం మీద పెట్టాడు.

ముందు అరటాకు విస్తరి లేచింది. తర్వాత పీట. ఆ తర్వాత పట్టుపంచె కట్టి, విభూతిరేఖలు దిద్ది, కొండంత మనిషి లేచి పీట మీద కూర్చున్నాడు. షడ్రసరాజు కళ్ళలో చూపు లేదు. చేతులు కడుక్కున్నాడు. అరచేతిలోకి నీళ్ళు తీసుకుని విస్తరి చుట్టూ తిప్పి వదిలాడు. చెయ్యి చాపాడు. నోముల అవ్వ కళ్ళు తెరిచేలోపలే విస్తరిలో ఉంది, మరునిమిషం లేదు. ఆమె పోగుచేసుకున్న వెలుగంతా రాజు ఒంట్లోకి ఇంకింది. ఆయన తల మండపం స్తంభాలను దాటి పెరిగింది.

సరిగ్గా అప్పుడే పూనకం దిగి ఏనుగు సొమ్మసిల్లి పడింది. రాజు దాన్ని పిల్లిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. ఎత్తి ఆగాడు. ఏనుగు నోట్లో సగం నమిలిన చెరుకుగడ ఇంకా ఉంది. రాజు ముక్కు చిట్లించాడు. ఎడమచేత్తో ఆ గడను పీకి దూరంగా విసిరేశాడు. చేతులు మళ్ళీ కడుక్కున్నాడు. మళ్ళీ విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పాడు. ఆ తర్వాతే ఏనుగును తిన్నాడు.

జనం నిట్టూర్చారు. చాలామంది మొహాలు తిప్పుకున్నారు. మొగిలి మాత్రం అద్దం అంచున పడి ఉన్న చెరుకుగడ వైపే చూస్తోంది. ఏనుగంత ఏనుగునే తిన్నవాడు ఆ చెరుకుముక్క ఎందుకు తినలేదు?

"ఇంకేముంది, అయిపోయింది" అన్నాడు ఓబన్న. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "నా మాట విను. నన్ను దించకు. ముక్కను ఇక్కడే పడేసి మెట్ల మీదుగా దూకి పారిపో. అమ్మకు ఒక్కరైనా మిగలాలి."

"అన్నా, ఆయన ఎంగిలి తినడు."

"ఎవరు?"

"రాజు. బొమ్మలోకి దించినా ఆయన మడి ఆయనతోనే వచ్చింది. మాంత్రికుడు మనిషిని పట్టుకున్నాడు గానీ ఆ అలవాటును వదిలించలేదు. నిన్ను ఎంగిలి చేస్తాను."

ఓబన్న రెప్పలార్పాడు. "నాలుకతో తాకితే సరిపోదా?"

"లక్కపూత ఉంది. పైపైన తాకితే నీకు అంటదు. కొరకాలి."

"కొరుకుతావా నన్ను?"

"చిన్నప్పుడు జామకాయ కోసం నువ్వు నా భుజం కొరకలేదా? అప్పు తీర్చుకుంటున్నా అనుకో."

"సరే, కొరుకు. ఎడమచేతి చిటికెన వేలు చూసి కొరుకు, విల్లుకు దాంతో పనిలేదు. ముక్కు జోలికి మాత్రం రాకు. నాకింకా పెళ్ళి కావాలి." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

అటునుంచి ఉలూకదత్తుడు కేకేశాడు. "ఏం శెట్టీ, ముక్కతో మంతనాలా? దించు. రాజుగారు విస్తరి ముందు కాచుకున్నారు."

మొగిలి ముక్కను నోటి దగ్గరికి తెచ్చుకుంది. లోపల ఉన్నది తోడబుట్టినవాడు. కళ్ళు గట్టిగా మూసుకుని కొరికింది. ముందు లక్క పగిలింది, తర్వాత రంగు చేదు, ఆ వెనకే వెచ్చటి నెత్తురు. ముక్కలోంచి ఓబన్న మూలుగు వినబడింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. ముక్కను నోట్లోంచి తీసేసరికి ఎండకు కరిగిన మైనం దానికి అంటుకుని, సగం మీసం ఊడి వచ్చింది.

మెట్ల మీద గుసగుసలు రేగాయి. "ఆడపిల్లరా! ఆడపిల్ల!"

మొగిలి మిగిలిన సగం మీసాన్ని కూడా పీకి పారేసి, తలపాగా విప్పేసింది. ముక్కను అద్దం మీద దించింది. "వర్తకుణ్ణీ కాదు, ద్వీపం నుంచీ రాలేదు. కొండసీమ ఓబన్న చెల్లెల్ని. ఇదిగో మా అన్న. తినమను మీ రాజుని."

ఓబన్న అద్దంలోంచి లేచాడు. ఎడమచేతి చిటికెన వేలు సగం లేదు. నెత్తురు కారుతోంది. అయినా తల వంచలేదు.

"ఇది చెల్లదు" అన్నాడు ఉలూకదత్తుడు. "ముక్కను కొరకడమేమిటి? ఆటా, అంగడా?"

పోతులయ్య గద్దె మీద లేచి నిలబడ్డాడు. "స్వామీ, కొరకకూడదని దండోరాలో లేదు. మీరు చెప్పిందే నేను వేశాను. చెప్పంది ఎవరినీ ఆపదు."

మాంత్రికుడి పసుపు కళ్ళు ముసలివాడి మీద నిలిచాయి. పోతులయ్య కూర్చోలేదు.

షడ్రసరాజు చెయ్యి చాపాడు. ఓబన్న నడుం చుట్టూ వేళ్ళు బిగిశాయి. విస్తరి దాకా తెచ్చాడు. రాజు చెయ్యి ఆగింది. కొరికిన వేలు చూశాడు. దాని చుట్టూ ఉన్న పళ్ళగాట్లు చూశాడు. ముక్కు చిట్లించాడు. బొమ్మయిన నాటి నుంచి ఒక్క మాట పలకని నోరు తెరుచుకుంది.

"ఎంగిలి."

ఓబన్నను మెల్లగా పక్కన దించి, పీట మీంచి లేచాడు. లేస్తూనే ఆయన కళ్ళలోకి చూపు వచ్చింది. పట్టుపంచె దులుపుకుని చుట్టూ చూశాడు.

"కూర్చో" అని అరిచాడు ఉలూకదత్తుడు. "నేను ఆజ్ఞాపిస్తున్నాను. కూర్చుని తిను."

"విస్తరి ముందు నుంచి లేచినవాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టడం మా అమ్మ వల్లే కాలేదు" అన్నాడు అమరకేసరి మహారాజు. "నువ్వెంత? అసలు నీ వంటశాలలో శుచి ఎక్కడ ఏడ్చింది? ఏం పెట్టావురా నాకు ఇన్నాళ్ళూ?"

ఉలూకదత్తుడి చేతిలో ఇంక ముక్కల్లేవు. ఉన్న ఒక్కటీ మాట వినడం లేదు. కోటగోడ నీడ అద్దం అంచును తాకి ఆట ముగిసింది. ఓబన్న నిలబడే ఉన్నాడు. అతని ఒంటి మీది లక్కమెరుపు పొరలు పొరలుగా రాలిపోయింది. అద్దం దాటి ఒడ్డు మీద కాలు పెట్టేసరికి చెమట వాసన వేస్తున్న మామూలు మనిషయ్యాడు. మొగిలి పరుగెత్తుకెళ్ళి అతని చెయ్యి తలపాగా గుడ్డలో చుట్టి, భుజం మీద తలవాల్చి భోరుమంది.

ఉలూకదత్తుడు గొంతు మార్చాడు. "శభాష్, పిల్లా. గెలిచావు. నీ అన్నను తీసుకుపో. తూర్పు గుమ్మం తెరిపిస్తాను, గుర్రాలిస్తాను. నిన్నెవరూ తాకరు."

"పదవే" అన్నాడు ఓబన్న ఆమె చెయ్యి లాగుతూ. "ఇంక ఇక్కడ ఒక్క క్షణం వద్దు."

మొగిలి కదిలింది కూడా. అప్పుడు అద్దం మీంచి అమరకేసరి పిలిచాడు. "అమ్మాయీ, వీడు నా చేత తినిపించినవాళ్ళెవరూ చావలేదు. అందరూ నా లోపలే ఉన్నారు. ఏడుస్తున్నారు. ఇన్నాళ్ళూ అది కడుపునొప్పి అనుకున్నాను."

పైమెట్టు మీంచి ఒక స్త్రీ లేచింది. "మహాప్రభో, మా ఆయన... నేతపని చేస్తాడు, కుడిచెంప మీద మచ్చ..."

రాజు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఉన్నాడమ్మా. నీ పేరు పలవరిస్తున్నాడు, నాగరత్నమని."

ఆమె ఉన్నచోటనే కూలబడింది. ఆ వెంటే మెట్ల మీద నలుమూలల నుంచీ పేర్లు లేచాయి. కొడుకు పేరు ఒకరు, అల్లుడి పేరు ఒకరు. రాజు ప్రతి పేరుకూ తల ఊపుతూనే ఉన్నాడు.

మొగిలికి తూర్పు గుమ్మం కనబడుతూనే ఉంది. ఇంటికి పోవాలనీ, అమ్మ ఎదుట అన్నను నిలబెట్టాలనీ ప్రాణం కొట్టుకుపోతోంది. భయం కూడా వేసింది, దాచేదేముంది. కాని నాగరత్నం ఏడుపు వింటుంటే ఒళ్ళు మండిపోయింది. ఓబన్న చేతిలోంచి చెయ్యి విడిపించుకుంది.

"తాతా" అంది పోతులయ్యతో. "ఈ అద్దం ముందు గెలిచినవాళ్ళకు ఏం హక్కుంటుంది?"

ముసలివాడి కళ్ళు మెరిశాయి. "గెలిచినవాళ్ళదే కొత్త కట్ట, తల్లీ. వాళ్ళు చెప్పిన నియమమే నేను దండోరా వెయ్యాలి. ఈయన ఓడకపోయేసరికి జనం ఆ మాటే మర్చిపోయారు."

"వద్దే" అన్నాడు ఓబన్న. ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

"అయితే వెయ్యి తాతా. ఈ కట్టలో పొట్లాలు లేవు, బొమ్మలు లేవు. ఇక నుంచి ఒకరిని ముందుకు తోసి వెనక కూర్చోవడం కుదరదు. ఆడేవాళ్ళే అద్దం మీదికి దిగాలి. మొదటి ఆట నాదీ ఈయనదీ. పందెం రాజుగారి కడుపులో ఉన్నవాళ్ళందరూ."

"ఆ డప్పు మీద చెయ్యి వేశావంటే చెయ్యి నరికిస్తాను" అన్నాడు ఉలూకదత్తుడు లేస్తూ.

పోతులయ్య డప్పు కొట్టాడు. మెట్ల మీది జనమంతా కాళ్ళతో రాతిని దరువేశారు. మండపం అదిరిపోయింది. ఆ దరువుకు ఉలూకదత్తుడి పావుకోళ్ళు వాటంతటవే అద్దం వైపు జరిగాయి. ఆయన స్తంభాన్ని వాటేసుకున్నాడు. గోళ్ళు రాతి మీద గీరుకుంటూ జారిపోయాయి.

అప్పటికే మొగిలి అద్దంలోకి దూకింది. చల్లటి నీళ్ళలా అది ఆమె నడుం దాకా, మెడ దాకా లేచి నెత్తి మీద మూసుకుంది. లోపల బోర్లించిన ఆకాశం. కాళ్ళ కింద మేఘాలు. ఎదురుగా దూరాన ఉలూకదత్తుడు పడ్డాడు. పడ్డవాడు మనిషిగా లేవలేదు. కిరీటం ఈకలు ఒళ్ళంతా పాకాయి, పొడుగు చేతులు రెక్కలయ్యాయి, తాటిమానులంత కాళ్ళకు కొడవళ్ళలాంటి గోళ్ళు మొలిచాయి. ఆ గుడ్లగూబ రెక్క విప్పితే సగం ఆకాశం చీకటైంది.

మొగిలి చేతిలో కత్తి లేదు, ముక్క లేదు. నోట్లో ఇంకా అన్న నెత్తురు ఉప్పగా ఉంది. ఆమె పంచె బిగించి దోపుకుని, ఆ రెక్కల కిందికే నడిచింది.